మేజర్ కట్ట మీద నర్సమ్మ సైకిల్

నేరేడుచర్ల చుట్టుపక్కల తండాల్లో ఇప్పుడు బిడ్డల తల్లులైన ఆడవాళ్లలో చాలామందికి పుట్టిన కొత్తలో మొదటి సూది వేసింది ద్వాళి చెయ్యే. ఆ సంగతి వాళ్లకు గుర్తుండదు. గుర్తుంచుకునే వయసా అది? ద్వాళికి మాత్రం గుర్తుంది. ఏ ఇంట్లో బిడ్డ ఎదురుకాళ్లతో పుట్టింది, ఏ తల్లి సూదిని చూడగానే బిడ్డకన్నా ముందు తానే ఏడ్చేది, ఏ ముసలమ్మ తలుపు గడియ పెట్టుకుని "పిల్లలు లేరు, పొలం కాడికి పోయిన్రు" అని లోపలి నుంచి అరిచేది, అన్నీ చెప్పగలదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆమె మిర్యాలగూడలో కొడుకు ప్రేమ్‌కుమార్ దగ్గర ఉంటోంది. ప్రేమ్‌కుమార్‌కు సొంత టెంపో ఉంది. పెళ్లిళ్లకూ జాతరలకూ కిరాయికి తిప్పుతాడు. డిసెంబర్‌లో ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "యాడీ, నాలుగు దినాలు నాతోని బండిల వస్తవా?" అని అడిగాడు. లంబాడీ ఇళ్లలో అమ్మను యాడీ అనే పిలుస్తారు.

"యాడికిరా?"

"సైకిలోళ్ల ఎనక."

కోదాడలో అరుంధతి అని ఒక లెక్చరరమ్మ ఉంది. ఏటా చలికాలంలో పదిహేను, ఇరవై మందిని పోగుచేసి సైకిల్ యాత్ర నడుపుతుంది. సూర్యాపేటలో బయలుదేరి కోదాడ, మేళ్లచెరువు, నేరేడుచర్ల, మిర్యాలగూడ, హాలియా మీదుగా సాగర్ దాకా పోతారు. లాడ్జీల్లో దిగరు. సర్కారు పెంచిన పార్కుల్లో, ఊళ్లలోని పల్లె ప్రకృతి వనాల్లో అనుమతి అడిగి డేరాలు వేసుకుంటారు. వాళ్ల సంచులు, వంట సామాను, నీళ్ల డబ్బాలు, పంచర్ పెట్టె అన్నీ ప్రేమ్‌కుమార్ టెంపోలో వెనక వస్తాయి. ఎవరికైనా కాళ్లు ఇక తిరగనంటే మనిషినీ సైకిల్‌నూ కూడా బండి ఎక్కించుకుంటుంది. దెబ్బలకు కట్టు కట్టడానికి ఒక నర్సును మాట్లాడుకున్నారు గానీ చివరి నిమిషంలో ఆమెకు వేరే డ్యూటీ పడింది.

"ముసలిదాన్ని, నాతోని ఏమైతదిరా?"

"మోకాలికి పట్టీ కట్టనీకె, ఓఆర్ఎస్ కలిపియ్యనీకె నీకంటె ఎవలున్నరు? ఇంట్ల కూసొని టీవీ సూసుడే గద."

ఆ చివరి మాట ద్వాళికి తగిలింది. మర్నాడు పొద్దున్నే దూది, గాజుగుడ్డ, పట్టీలు కొనడానికి తానే మందుల దుకాణానికి బయలుదేరింది.

ఆమెకు సైకిలంటే ఏమిటో ఆ యాత్రలో ఎవరికీ తెలియదు. కొడుక్కు కూడా సగమే తెలుసు.

ద్వాళికి నర్సు ఉద్యోగం వచ్చిన నాటికి పెళ్లై ఏడాది. భర్త దేవ్‌సింగ్ మేళ్లచెరువు గనుల నుంచి సున్నపురాయి తోలే లారీకి డ్రైవరు. వాళ్ల తండా నేరేడుచర్ల రోడ్డు పక్కనే ఉండేది. ఆమెను వేసిన సబ్‌సెంటర్ మాత్రం ఎర్రగట్టు తండాలో, సాగర్ ఎడమ కాల్వ నుంచి చీలిన మేజర్ అనే పిల్లకాల్వ కట్ట వెంట చాలా దూరం లోపలికి. బస్సు లేదు. ఆటో మాట అప్పటికి ఎవరూ ఎరగరు. మొదటి నెల నడిచే పోయింది. టీకాల డబ్బా ఒక భుజానికి, సంచి మరో భుజానికి. సాయంత్రం ఇల్లు చేరేసరికి పాదాలు పొంగేవి.

ఒక ఆదివారం దేవ్‌సింగ్ సూర్యాపేట నుంచి లారీలో ఒక లేడీస్ సైకిల్ తెచ్చి వాకిట్లో దించాడు. పాతదే. ముదురాకుపచ్చ రంగు, అక్కడక్కడా తుప్పు.

"గిది ఎవలికి?" అంది ద్వాళి.

"నీకే."

"నేనేడ తొక్కుత? తండ మొత్తం నవ్వుతది."

"నవ్వని. నవ్వితె పండ్లు కనపడ్తయి, ఇంకేమైతది?"

దేవ్‌సింగ్ పొదుపుగా మాట్లాడే మనిషి. రోజు మొత్తం మీద అలాంటి మాట ఒక్కటి అంటే గొప్ప. వరి కోసి ఎత్తేసిన కళ్లంలో, పొద్దుగూకే వేళ, సీటు వెనక పట్టుకుని పరుగెత్తుతూ నేర్పాడు. ఆమె ఎర్రగా చీరుకుపోయిన మోకాలితో లేచి తిట్టేది. అతను మళ్లీ సైకిల్ నిలబెట్టేవాడు. వారం తిరిగేసరికి సీటు మీద చెయ్యి ఎప్పుడు తీశాడో ఆమెకు తెలియలేదు. కళ్లం చివర మలుపు తిప్పి చూస్తే అతను అంత దూరాన, నడుము మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

అలా మొదలైంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, వెనక క్యారియర్ మీద టీకాల డబ్బాను రబ్బరుతో బిగించి, కట్ట మీద పోతుంటే నాట్లేసే ఆడవాళ్లు నడుములు ఎత్తి చూసేవాళ్లు. పిల్లలు "సూదులమ్మొచ్చె, సూదులమ్మొచ్చె" అని తుమ్మచెట్ల చాటుకు ఉరికేవాళ్లు. కుడిపక్క కాల్వ నీళ్లు, ఎడమపక్క వరి. పొద్దుటి ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొట్టేది. ఆ దారిలో ఆమె పాటలు పాడుకునేది కూడా. ఇంట్లో ఎప్పుడూ పాడి ఎరగదు.

కొత్తలో ఒక చేదు సంగతి జరిగింది. తూము దగ్గర కల్లు తాగి కూర్చున్న నలుగురు మగవాళ్లు సైకిల్ ఆపారు. ముట్టుకోలేదు గానీ టైర్లలో గాలి తీసేసి, "ఇగ నడువు నర్సమ్మా, నడిస్తె నడుం సన్నగైతది" అని నవ్వారు. ఎండలో సైకిల్ తోసుకుంటూ ఎర్రగట్టు చేరిందామె. సాయంత్రం ఇంటికొచ్చి దేవ్‌సింగ్‌కు చెప్పి ఏడ్చింది. అతను "ఊఁ" అన్నాడు. అంతే. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ "ఊఁ" ద్వాళి మనసులో ముల్లులా ఉండిపోయింది. తోటి నర్సుల మొగుళ్లు లూనాల మీద, స్కూటర్ల మీద పెళ్లాలను దింపిపోతుంటే, తన మొగుడు సైకిల్ నేర్పి చేతులు దులుపుకున్నాడనుకుంది. వెంట రాలేదు. "ఎట్ల పోయొచ్చినవ్?" అని ఒక్కనాడూ అడగలేదు. ఆ తర్వాత కట్ట మీద ఆమెను ఎవరూ ఆపలేదు. తనకు ధైర్యం వచ్చింది కాబట్టే ఆపడం లేదనుకుంది. మొండిగా, తల ఎత్తుకుని తొక్కింది. అలా ఏళ్లు గడిచాయి. ప్రేమ్‌కుమార్ పుట్టాడు, పెద్దవాడయ్యాడు. కట్ట మీద మోటార్ సైకిళ్లు వచ్చాయి, తర్వాత ఆటోలు వచ్చాయి. ఆకుపచ్చ సైకిల్ మూలపడింది. ఒకనాడు పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోయాడు. దేవ్‌సింగ్ గుండె జబ్బుతో పోయి ఇప్పటికి చాలా ఏళ్లు. అతని మీద ఆమెకు కోపమేం లేదు. మంచివాడే. కాకపోతే రాయి తోలీ తోలీ రాయిలాగే అయ్యాడని మాత్రం అప్పుడప్పుడు అనుకునేది.

యాత్ర సూర్యాపేట పార్కులో పొద్దున మంచులో మొదలైంది. రంగురంగుల హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు. బ్యాంకుల్లో, కాలేజీల్లో, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు. నలభై దాటినవాళ్లే ఎక్కువ. అరుంధతి ద్వాళి చేతులు పట్టుకుంది.

"మీరు వచ్చారు కాబట్టి నాకు ధైర్యంగా ఉందమ్మా. మా వాళ్లంతా ఉత్సాహం ఎక్కువ, అలవాటు తక్కువ. సాయంత్రానికి ఒక్కొక్కరు కాళ్లు పట్టుకుని మీ దగ్గరికే వస్తారు చూడండి."

అన్నట్టే కోదాడ చేరేసరికి టెంపో పక్కన వరుస కట్టారు. తొడల నొప్పులు, చేతులకు బొబ్బలు, ఎండకు కమిలిన మెడలు. ద్వాళి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూసింది. చేతులు తమంతట తామే పనిచేశాయి. రెండేళ్లుగా ఎవరూ తన ముందు చెయ్యి చాపలేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

రెండో రోజు మేళ్లచెరువు దారి. సిమెంటు లారీల దుమ్ముతో చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయి. రాళ్ల లోడుతో ఒక లారీ టెంపోను దాటిపోతుంటే ద్వాళి అలవాటు కొద్దీ డ్రైవర్ సీటు వైపు చూసింది. ఎవరో కుర్రాడు, చెవిలో ఫోను పెట్టుకుని ఉన్నాడు.

హుజూర్‌నగర్ ఇంకా రాకముందే గీత అనే ఆమె రోడ్డు పక్కన సైకిల్ దిగి కూలబడింది. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం ఆమెది. మోకాలు వాచింది. ప్రేమ్‌కుమార్ సైకిల్‌ను టెంపో వెనక కట్టాడు. గీత ద్వాళి పక్క సీట్లో కూర్చుని, కట్టు కట్టించుకుంటూ, కళ్లు తుడుచుకుంది.

"నొప్పికి కాదమ్మా. ఇంట్ల అందరు నవ్విన్రు, ఈ వయసుల నీకు సైకిలేంది అని. ఇప్పుడు వాళ్ల మాటే నిజమైతది."

"నవ్వని. నవ్వితె పండ్లు కనపడ్తయి," అంది ద్వాళి. అనేశాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూసింది. "నేను సుత తొక్కిన బిడ్డా. చానేండ్లు తొక్కిన. గీడికెల్లి దగ్గర్నే."

గీత ఏడుపు ఆపింది. "నిజంగనా? చీర కట్టుకునే?"

"మరి నిక్కరేసుకొని తొక్కుతరా?"

ఇద్దరూ నవ్వారు. నేరేడుచర్ల చేరేదాకా ద్వాళి చెబుతూనే ఉంది. సైకిల్ సంగతి, కట్ట సంగతి, సూదికి భయపడి గడ్డివాములో దాక్కున్న పహిల్వాను సంగతి. ముందు సీట్లో ప్రేమ్‌కుమార్ వింటూ బండి నడిపాడు. వీటిలో కొన్ని అతనూ ఎన్నడూ వినలేదు.

ఆ సాయంత్రం మకాం నేరేడుచర్ల పక్క ఊరి ప్రకృతి వనంలో. వేప, కానుగ, గన్నేరు మొక్కలు మనిషెత్తు దాటి పెరిగాయి. మధ్యలో నడవడానికి మట్టి బాట ఉంది. డేరాలు లేస్తున్నాయి, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గీత కుంటుకుంటూ వెళ్లి తన సైకిల్ దింపించింది.

"తొక్కమ్మా. నేనైతే రేపు తొక్కలేను. ఉత్తగ ఎందుకుండాలె ఇది?"

"వద్దు బిడ్డా. ఇగ నాతోని గాదు. పడ్డనంటె ఎముకలు అతుకయి."

కానీ చెయ్యి అప్పటికే హ్యాండిల్ మీద ఉంది. అరుంధతి వచ్చి సీటు కిందికి దించింది. ద్వాళి చుట్టూ చూసింది, చీర కుచ్చిళ్లు దోపుకుంది, ఎక్కింది. సైకిల్ ఊపిరి తగిలితే కదిలేంత తేలిక. ఆమె బలం ఆమెకే తెలియక ఒక్క తొక్కు గట్టిగా తొక్కేసరికి బాణంలా పోయి కానుగ మొక్క చుట్టూ ఉన్న కంచెకు గుద్దుకుంది. అందరూ ఉరికొచ్చారు. ద్వాళి కంచె పట్టుకుని నిలబడి, పళ్లు కనబడేలా నవ్వుతోంది.

"బిరుకు లేదా దీనికి?" అంది.

"బ్రేకు ఉందమ్మా, చేతి దగ్గర. గట్టిగా పట్టుకోకూడదు, మెల్లగా నొక్కాలి," అంది అరుంధతి.

రెండోసారి వనం మొత్తం చుట్టి వచ్చింది. మూడోసారి గంట కొట్టింది. చీకటి పడేదాకా దిగలేదు. ప్రేమ్‌కుమార్ టెంపో మెట్టు మీద కూర్చుని తల్లిని చూస్తూ ఉండిపోయాడు. అతను పుట్టినప్పటి నుంచి తల్లిని అలసిపోయిన మనిషిగానే చూశాడు.

మర్నాడు పెద్దరోడ్డు మీదుగా మిర్యాలగూడ పోవాలి. టీ తాగుతుంటే ద్వాళి అరుంధతిని అడిగింది.

"మేడం, మేజర్ కట్ట మీదికెల్లి పోదమా? జర సుట్టయితది. కని లారీలుండయి, పొద్దుగాల సల్లగుంటది. మల్ల కొసకు పెద్దరోడ్డే తగుల్తది."

"మీరు దారి చూపిస్తారా?"

"సూపిస్త."

కట్ట మీద టెంపో పట్టదు. ప్రేమ్‌కుమార్, గీత రోడ్డు మీదుగా పోయి అవతల కలుస్తామన్నారు. "మెల్లగ, యాడీ. ఫోన్ సప్పుడు పెద్దగ పెట్టుకో," అని కొడుకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

యాసంగి పంటకు నీళ్లు వదిలారు. కాల్వ నిండుగా పారుతోంది. పొలాల్లో నారుమళ్లు లేత పచ్చగా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు మట్టికట్ట, ఇప్పుడు సగం దూరం సిమెంటు వేశారు. కొంగలు మాత్రం అవే వరుసలో లేస్తున్నాయి. ద్వాళి ముందు తొక్కింది. వెనక సైకిళ్లన్నీ ఆమె వేగానికి తగ్గాయి. మోకాళ్లు కరకరమన్నా ఆమె లెక్కచేయలేదు. ఏ మలుపులో ఇసుక మేట ఉంటుందో, ఎక్కడ దారి కింది మోరీ ఎత్తుగా ఉంటుందో కాళ్లకు ఇంకా గుర్తున్నట్టుంది. మోరీ తీసేసి ఎన్నేళ్లయిందో, అక్కడికి రాగానే ఆమె పెడల్ మీద లేచి నిలబడింది. చదునైన సిమెంటు మీద అలా లేచి నిలబడినందుకు తనకు తానే సిగ్గుపడి మళ్లీ కూర్చుంది.

ఎర్రగట్టు తండా ముందు ఆగారు. ఆమె పనిచేసిన సబ్‌సెంటర్ తలుపుల్లేని గది. లోపల ఎవరో పత్తికట్టె పేర్చుకున్నారు. కొత్త దవాఖాన రోడ్డు వైపు కట్టారట. ఇళ్ల ముందు నిలబడిన ఆడవాళ్లు సైకిళ్లను చూశారు, హెల్మెట్లను చూశారు, ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ద్వాళి లంబాడీలో పలకరించింది. ఒకామె మర్యాదగా నీళ్లు తెచ్చిచ్చి, "మీది ఏ తండ?" అని అడిగింది. ఆ ఇంట్లో రెండు కాన్పులు ద్వాళి చేసింది. చెబుదామనుకుని మానేసింది. నీళ్లు తాగి చెంబు ఇచ్చేసి, "పోదం మేడం," అంది.

ఎర్రగట్టు దాటాక కట్ట నిండా గొర్రెలు. అందరూ దిగాల్సి వచ్చింది. మందను ఒక పక్కకు అదిలిస్తూ భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన వచ్చాడు. బక్కగా, నిటారుగా ఉన్నాడు. సైకిళ్లన్నిటినీ పోనిచ్చి, దారి ఇచ్చి చివర మిగిలిన, చీరకట్టుతో ఉన్న ద్వాళిని చూసి కర్ర ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు మా దేవ్‌సింగ్ పెండ్లానివి గాదు?"

ద్వాళి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఈ కట్ట మీద ఆమె సూదులమ్మ, నర్సమ్మ. దేవ్‌సింగ్ పెళ్లాం అని ఎవరూ పిలవలేదు.

"అవును. నువ్వెవలే?"

"బీరయ్యను. మీరొచ్చిన దిక్కు తూము కాడ్నే మేపేటోణ్ణి, అప్పుడు గిట్ల. నువ్వు నన్ను సూడలే, సక్కగ ముందట సూసుకుంట పోయేదానివి." ఆయన నోట్లో పళ్లు తక్కువ, మాట మాత్రం గట్టిది. "నీ మొగడేడి? బాగున్నడా?"

"పోయిండు. చానేండ్లాయె."

బీరయ్య కర్ర కింద పెట్టాడు. "అయ్యో," అన్నాడు. "పొద్దుగాల నీకోసం నేను ఎన్ని కేకలు పెట్టిన్నో. గొంతు పోయేది."

"నాకోసం కేకలేంది?"

"నీకు తెల్వదా?" బీరయ్యే ఆశ్చర్యపోయాడు. "మనిషి పోయిండు గద, ఇప్పుడు చెప్తె ఏం తప్పు గాదులే."

కల్లు తాగినవాళ్లు గాలి తీసిన మర్నాడు దేవ్‌సింగ్ ఈ కట్ట మీదికి వచ్చాడట. ఆ నలుగురిని ఏం చేశాడో బీరయ్య చూడలేదు గానీ వాళ్లు మళ్లీ తూము ఛాయలకు రాలేదు. ఆ తర్వాత అతను మందలు మేపేవాళ్ల దగ్గర కూర్చుని బీడీలు పంచాడు. ఎర్రగట్టు దగ్గర లింగస్వామి మేపేవాడు, తూము దగ్గర బీరయ్య. నర్సమ్మ సైకిల్ తండాలోకి దిగగానే లింగస్వామి ఒక కేక వేయాలి. అది విని బీరయ్య రోడ్డు వైపు కేక వేయాలి. రోడ్డు మీద లారీ ఆపుకుని నిలబడిన దేవ్‌సింగ్ ఆ కేక విన్నాకే బండి కదిలించి మేళ్లచెరువు పోయేవాడు.

"గాలి అటు కొడితె ఇనపడకపోయేది. అప్పుడు నేనే మంద ఇడిసిపెట్టి రోడ్డు దిక్కు ఉరికేటోణ్ణి. నా పెండ్లాం బక్కమ్మ తిట్టేది, ఊరోళ్ల పెండ్లాం కోసం గొర్లను ఇడిసిపెడ్తున్నవని." బీరయ్య నవ్వాడు. "ఉత్తగనే గాదులే. ఎండకాలం లారీల తుమ్మకాయ బస్తాలు తెచ్చి మందకు ఏసిపోయేటోడు."

ద్వాళికి ఆ కేక చెవిలో మోగింది. తండాలోకి దిగుతుంటే ప్రతి పొద్దున "హో... య్" అని ఒక పొడుగాటి కేక. అది గొర్రెలను పిలిచే కేక అనుకుంది. ముప్పై ఏళ్లూ అదే అనుకుంది.

"మరి నాకెందుకు చెప్పలే?" అంది. ఆ ప్రశ్న బీరయ్యకు వేసిందో ఇంకెవరికి వేసిందో ఆమెకే తెలియదు.

"నేను సుత అడిగిన. 'నీ ఆడమనిషికి చెప్పరాదె' అంటె అద్దన్నడు. 'ఒక్కదాన్నే పోయొచ్చిన అని ఇంటికొచ్చినంక దాని మొకం ఎట్లుంటదో నువ్వు సూడలే బీరన్నా. అది పోవద్దు' అన్నడు."

ద్వాళి సైకిల్‌ను కట్ట పక్కన పడుకోబెట్టి అక్కడే గడ్డి మీద కూర్చుంది. కొంగుతో ముఖం కప్పుకుంది. గొర్రెలు ఆమెను దాటుకుంటూ పోయాయి. కొంత దూరంలో అరుంధతి ఆగి, దగ్గరికి రావాలా వద్దా తెలియక నిలబడింది. బీరయ్య కంగారుపడి, "నేను చెప్పకపోదును తల్లీ," అన్నాడు.

"లేదన్నా. మంచిగ చెప్పినవ్," అంది ద్వాళి కొంగు తీసి. "గీ మాట నాకు కావాలె."

మిగతా దారి ఎలా తొక్కిందో ఆమెకు గుర్తులేదు. కట్ట చివర టెంపో కనబడింది. ప్రేమ్‌కుమార్ ఎదురొచ్చి ఆమె ముఖం చూసి, "పడ్డవా?" అన్నాడు.

"పడలే."

మిర్యాలగూడ పార్కులో మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిగతావాళ్లు చెట్ల కింద ఒరిగాక, ఆమె కొడుక్కు చెప్పింది. లంబాడీలో చెప్పింది. ప్రేమ్‌కుమార్ చేతిలోని టెంపో తాళాలు పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"సెలవులల్ల నన్ను లారీల తోలుకపోయేటోడు గద యాడీ. రోడ్డు మీద ఆపి ఉత్తగనే నిలబడేటోడు. 'పోదం నాయినా' అంటె, 'ఆగురా, ఇంజన్ సల్లబడని' అనేటోడు. అప్పుడే స్టార్ట్ చేసిన బండికి సల్లబడేదేంది అని నేను నవ్వుకునేటోణ్ణి."

"కేక ఇన్నవా నువ్వు?"

"ఏమో. ఇన్ననేమో. ఎవడు పట్టించుకుండు?"

ఆ సాయంత్రం దాకా ప్రేమ్‌కుమార్ ఏ పని మీద ఎటు పోయినా వచ్చి తల్లి దగ్గరే కూర్చున్నాడు.

చివరి రోజు హాలియా దాటాక దారి ఎత్తులు పల్లాలుగా మారింది. గీత మోకాలు వాపు తగ్గి, తన సైకిల్ తానే తొక్కుతానని పట్టుబట్టింది. ద్వాళి కట్టు గట్టిగా బిగించి, "ఎత్తు కాడ దిగి తోసుకో, ఇజ్జత్ ఏం పోదు," అని పంపింది. తాను టెంపోలో కూర్చుంది. సాగర్ దగ్గర అందరూ చేరాక గీత వచ్చి చెమట ఒంటితోనే ఆమెను కౌగిలించుకుంది. ఇంట్లోవాళ్లకు వీడియో ఫోన్ చేసి మొదట ద్వాళినే చూపించింది. అరుంధతి వచ్చే ఏడాదికి కూడా మాట తీసుకుంది.

"నర్సుగనా, సైకిల్ మీదనా?" అని అడిగింది ద్వాళి.

"మీ ఇష్టం. రెండూనూ."

తిరిగొచ్చిన తర్వాతి వారం ద్వాళి కొడుకును వెంటబెట్టుకుని బీరయ్య ఇంటికి పోయింది. బక్కమ్మకు చీర పెట్టింది. "ఊరోళ్ల పెండ్లాన్ని నేనే," అంటే బక్కమ్మ పగలబడి నవ్వి, కోడి కోసి అన్నం పెట్టందే కదలనివ్వలేదు. అక్కడి నుంచి, లింగస్వామి ఇంకా ఉన్నాడని తెలిసి, అతన్నీ చూడబోయారు. అతను మంచంలో ఉన్నాడు. చూపు ఆనదు. కోడలు లేపి కూర్చోబెట్టింది. ద్వాళి అతని చెయ్యి పట్టుకుని, తానెవరో చెప్పి, ఆ కేకల సంగతి అడిగింది.

లింగస్వామి ఆమె చేతిని రెండు చేతులా తడిమాడు.

"నర్సమ్మా? సైకిలా?" అన్నాడు. "ఏమో తల్లీ, యాదికి లేదు. నేను గొర్లను పిలిచేటోణ్ణి. గంతే."

ప్రేమ్‌కుమార్ ఏదో అనబోతే ద్వాళి చేత్తో వారించింది. ఆమెకు నవ్వొచ్చింది. అతని నాడి చూసింది, కాళ్ల వాపు చూసింది, దవాఖానలో ఏమని చెప్పి ఏ మందు అడగాలో కోడలికి వివరంగా చెప్పింది. కోడలు తెచ్చిన టీ తాగి, ముసలాయన తాగిన గ్లాసు కూడా తానే అందుకుని పక్కన పెట్టింది.

"మంచిగ పిలిచినవే అన్నా," అంది లేస్తూ. "చాన దూరం ఇనపడేది."